కుడి సీటు ఎవరిది?

బళ్లారి జిల్లా సందూరు తాలూకాలో తోరణగల్లు ఒక కొస, చోరనూరు ఇంకో కొస. తోరణగల్లు వైపు ఉక్కు కర్మాగారం, దాన్ని ఆనుకుని విద్యానగర్ విమానాశ్రయం. చోరనూరు వైపు మెట్ట చేలు, వానను నమ్ముకున్న సేద్యం, పని వెతుక్కుంటూ వలసపోయే కుటుంబాలు. 2017లో ఉడాన్ పథకం కింద హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్ సంస్థ విద్యానగర్‌కు విమానాలు నడిపింది. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానం మన తాలూకా నేల మీద దిగింది. గంట ప్రయాణానికి ఉడాన్ సీటు ధర అప్పట్లో 2,500 రూపాయలు. విమానం ఎక్కడం సామాన్యుడికీ అందే పనే అని ప్రభుత్వం చెప్పింది. మరి దాన్ని నడపడం?

ఈ ప్రశ్న మన యూత్ మీటింగుల్లో పిల్లలు అడుగుతున్నారు. జవాబు చెప్పేవాళ్లు తక్కువ. "అది మన వల్ల అయ్యే పని కాదులే" అని పెద్దలు అంటారు. "ప్రార్థన చేసుకో బాబూ, దేవుడు దారి చూపిస్తాడు" అని పాస్టర్‌గారు అంటారు. "పాతిక లక్షలు కట్టు, పద్దెనిమిది నెలల్లో యూనిఫాం వేయిస్తాం" అని ఏజెంటు అంటాడు. ఈ మూడు జవాబుల్లో ఒక్కటీ ఆ పిల్లవాడికి సరిపోదు.

ప్రాంతీయ విమాన సంస్థలో కొత్తగా చేరే పైలట్ శిక్షణ ఎలా ఉంటుందో, అక్కడిదాకా ఎవరు చేరగలుగుతున్నారో మనం తెలుసుకోవాలి. మేము చెప్పదలచుకున్నది ఒకటే. ఆ శిక్షణ కొత్తవాడికి నోరు తెరవమని నేర్పుతుంది. అప్పు, బాండు, కులం మాత్రం నోరు మూసుకోమని నేర్పుతాయి. ఈ రెంటి మధ్య నలిగేది ఆ యువకుడు ఒక్కడే కాదు. అతని వెనక కూర్చున్న డెబ్బై మంది ప్రాణాలు కూడా అక్కడే ఉన్నాయి.

లైసెన్సు వచ్చాక మొదలయ్యే చదువు

ముందు దారి గురించి కొంచెం. ఇంటర్ లేదా పీయూసీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఆర్ట్స్ చదివినవాళ్లు ఎన్ఐఓఎస్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులు రాసుకోవచ్చు. విమానయాన శాఖ డీజీసీఏ నిర్దేశించిన వైద్య పరీక్షలు పాసవాలి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమానం సాంకేతిక విషయాల మీద పరీక్షలు రాయాలి. ఫ్లయింగ్ స్కూల్లో 200 గంటలు ఎగరాలి. ఇవన్నీ అయ్యాక, 18 ఏళ్లు నిండినవారికి కమర్షియల్ పైలట్ లైసెన్స్ వస్తుంది. దాన్నే సీపీఎల్ అంటారు.

ఆ లైసెన్సు చేతికొచ్చినా నేరుగా ప్రయాణికుల విమానం ఎక్కించరు. ఎందుకంటే అతను నేర్చుకున్నది టన్ను బరువుండే చిన్న సెస్నా మీద. నడపాల్సిన ఏటీఆర్ 72 నిండుగా బయలుదేరేటప్పుడు సుమారు 23 టన్నులు ఉంటుంది. మోటారు సైకిల్ నేర్చుకున్నవాడికి లారీ అప్పగించినట్టే. అందుకే ఒక్కో రకం విమానానికి వేరే శిక్షణ ఉంటుంది. దాని పేరు టైప్ రేటింగ్.

కొత్తగా చేరినవారికి మొదట గ్రౌండ్ స్కూల్. వారాల తరబడి తరగతి గదిలోనే. ఇంజను, ప్రొపెల్లర్, ఇంధనం, కరెంటు, హైడ్రాలిక్స్, రెక్కల మీద పేరుకునే మంచును వదిలించే ఏర్పాటు. ప్రతిదీ ఎలా పనిచేస్తుంది, చెడిపోతే కాక్‌పిట్‌లో ఏ దీపం వెలుగుతుంది, అప్పుడు చేయాల్సిన మొదటి పని ఏమిటి అన్నవి కంఠతా రావాలి. పక్కనే అత్యవసర శిక్షణ ఉంటుంది. పొగలో దారి వెతుక్కోవడం, తలుపులు తెరవడం, నీళ్ల మీద దిగాల్సి వస్తే ప్రయాణికులను బయటకు చేర్చడం. విమానంలో ఎక్కించకూడని ప్రమాదకర వస్తువుల గురించి, భద్రత గురించి కూడా పాఠాలుంటాయి.

సాయంత్రం గదికి వెళ్లాక ఇంకో చదువు. కాక్‌పిట్ బొమ్మ ఉన్న పెద్ద పోస్టరు గోడకు అంటించుకుంటారు. ఎదురుగా రెండు కుర్చీలు వేసుకుని, ఇద్దరు ట్రైనీలు బొమ్మ మీది మీటలను వేలితో తాకుతూ చెక్‌లిస్టు చదువుకుంటారు. బయటివాళ్లు చూస్తే పిల్లల ఆట అనుకుంటారు. కానీ రేపు సిమ్యులేటర్‌లో చెయ్యి తడబడకుండా ఉండేది ఈ ఆట వల్లే. శిక్షణ కాలంలో స్నేహితుడు లేనివాడు వెనకబడతాడు. పక్కవాడిని ఓడించి గెలిచే పరీక్ష ఇది కాదు. ఇద్దరూ కలిసి పాసవాల్సిన పరీక్ష.

ఆ తర్వాత సిమ్యులేటర్. ఒక్కో సెషన్ సుమారు నాలుగు గంటలు. రన్‌వే మీద పరుగు తీస్తుండగా బోధకుడు ఒక ఇంజను ఆపేస్తాడు. వీ-1 అనే వేగం దాటకముందైతే విమానాన్ని ఆపేయాలి. దాటిపోతే ఒక్క ఇంజనుతోనైనా పైకి లేవాల్సిందే. క్షణంలో తేల్చుకోవాలి. మంటలు, పొగ, గాలి ఒత్తిడి పడిపోవడం, కనుచూపు ఆనని వాన, అన్నీ ఆ పెట్టెలోనే అనుభవంలోకి తెస్తారు. చివర పరీక్ష. పాసయ్యాక నిజమైన విమానంలో ప్రయాణికులు లేకుండా ఎగరడం, దిగడం. ఆపైన ప్రయాణికులతోనే, కానీ శిక్షకుడైన కెప్టెన్ పక్కన ఉండగా నడపడం. అన్నీ గట్టెక్కితే ఫస్ట్ ఆఫీసర్‌గా కుడి సీటు అతనిదవుతుంది. ఎడమ సీటు కెప్టెన్‌ది. అక్కడితోనూ పరీక్షలు అయిపోవు. ప్రతి ఆరు నెలలకూ మళ్లీ సిమ్యులేటర్ ఎక్కి తన సామర్థ్యం రుజువు చేసుకుంటూనే ఉండాలి.

"సార్, మీరు పొరపాటు పడుతున్నారు"

ఈ శిక్షణలో మన సమాజానికి కొత్తగా అనిపించే భాగం ఒకటుంది. దాన్ని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, పొట్టిగా సీఆర్ఎం అంటారు. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడి తప్పును ఎలా ఎత్తిచూపాలి, పెద్దవాడు ఆ మాటను ఎలా వినాలి అన్నదే ఆ పాఠం.

ఇది శవాల గుట్టల మీద పుట్టిన పాఠం. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. పేరున్న కెప్టెన్ ఆ మాట కొట్టిపారేశాడు. అలాంటి ప్రమాదాల తర్వాత 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు నుంచి ఈ శిక్షణ రూపుదిద్దుకుంది. చాలా ప్రమాదాల్లో విమానం చెడిపోలేదనీ, మనుషుల మధ్య మాట చెడిపోయిందనీ అప్పుడు గుర్తించారు.

మన దగ్గరి ఉదాహరణ మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది బతికారు. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది. దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలని, అంటే గో అరౌండ్ చేయాలని, కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్ ఆ మత్తు నుంచి పూర్తిగా తేరుకోలేదని విచారణ సంఘం భావించింది. గో అరౌండ్ మొదలుపెట్టే అధికారం కో-పైలట్‌కు ఎంతవరకు ఉందో సూచనల్లో స్పష్టత లేకపోవడం వల్లే అతను మాటతో ఆగిపోయి ఉండవచ్చనీ, నియంత్రణ తన చేతుల్లోకి తీసుకోలేదనీ నివేదిక పేర్కొంది.

మూడుసార్లు చెప్పాడు. చెయ్యి మాత్రం వెయ్యలేకపోయాడు. ఆ సందిగ్ధం మనకు కొత్తది కాదు. కూలీ మేస్త్రీకి ఎదురు చెప్పడు, నర్సు డాక్టరుకు ఎదురు చెప్పదు, సంఘంలో కుర్రవాడు పెద్దకు ఎదురు చెప్పడు. చెప్పినా గొంతు సగమే పెగులుతుంది. కొత్త పైలట్‌కు ఇచ్చే శిక్షణ ఈ అలవాటును మాన్పించడానికే. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, దిశ, దిగే తీరు కుదురుగా లేకపోతే ఎవరు నడుపుతున్నా "గో అరౌండ్" అనాల్సిందే. కెప్టెన్‌ను రెండుసార్లు పిలిచినా జవాబు రాకపోతే ఫస్ట్ ఆఫీసర్ విమానాన్ని తన అధీనంలోకి తీసుకోవాల్సిందే. మర్యాద పేరుతో మౌనంగా ఉండటం ఇక్కడ తప్పు కింద లెక్క.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవారికి ఈ పాఠం పరిచయమే. ఖైదీగా రోమాకు వెళ్తున్న పౌలు, ఈ కాలంలో ప్రయాణం ప్రమాదమని హెచ్చరిస్తాడు. శతాధిపతి ఖైదీ మాట పక్కనబెట్టి ఓడ నాయకుడి మాట, ఓడ యజమాని మాట నమ్ముతాడు. ఓడ బద్దలవుతుంది. ఆ రోజు దేవుని కృప వల్ల 276 మందీ ఒడ్డుకు చేరారు. కృపను మనం నమ్ముతాం. కానీ సంకెళ్లలో ఉన్నవాడి మాట అన్న ఒక్క కారణంతో మంచి హెచ్చరికను తోసేసిన ఆ ఓడను మనం మళ్లీ మళ్లీ కట్టుకోనక్కరలేదు.

అప్పు గొంతు నొక్కుతుంది

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. మన దేశంలో సీపీఎల్ పూర్తి చేయడానికి అటూ ఇటూగా అర కోటి రూపాయలు అవుతోంది. చాలామంది టైప్ రేటింగ్ కూడా సొంత ఖర్చుతోనే చేసుకోవాలి. అది ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. పెద్ద సంస్థల క్యాడెట్ కోర్సులైతే కోటి దాటుతున్నాయి.

బ్యాంకుకు వెళ్తే ఏమవుతుంది? సాధారణంగా చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. ఇంటి స్థలానికి పట్టా కూడా సరిగా లేని కుటుంబం ఏం తాకట్టు పెడుతుంది? కాబట్టి ఉన్న కొద్ది చెక్క పొలం అమ్మాలి, లేదా వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. అలా అప్పుచేసి లైసెన్సు తెచ్చుకున్నవాడికి ఉద్యోగం వచ్చేదాకా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగం వచ్చాక బాండు మీద సంతకం. ఇన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో వెళ్తే ఇన్ని లక్షలు కట్టాలి. దానికి తోడు ఫస్ట్ ఆఫీసర్ మానేయాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని 2017లో డీజీసీఏ నిబంధన పెట్టింది. కెప్టెన్‌కు ఏడాది.

సంస్థ మూతపడితే మాత్రం ఉద్యోగికి ఏ నోటీసూ ఉండదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 2015లో మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. రెండూ తెలుగువాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న ప్రాంతీయ సంస్థలు. కడపకు, విద్యానగర్‌కు విమానం తెచ్చిన ట్రూజెట్‌లో జీతాలు పూర్తిగా అందక ఉద్యోగులు పడిన ఇబ్బందులు అప్పుడు పత్రికల్లోనూ వచ్చాయి. ప్రాంతీయ సంస్థ అంటే చిన్న ఊళ్లకు సేవ అన్నమాట నిజం. చిన్న ఊరి పిల్లవాడికి మొదటి ఉద్యోగం దొరికేదీ ఎక్కువగా అక్కడే. ఆ మొదటి మెట్టే అన్నిటికంటే బలహీనమైన మెట్టు కావడం అన్యాయం.

నెత్తిన అరవై లక్షల అప్పు ఉన్న ఇరవై మూడేళ్ల కుర్రవాడిని ఊహించుకోండి. ఇవాళ అతనికి జ్వరం. లేదా రెండు రాత్రులుగా నిద్ర లేదు. "నేను ఈ రోజు ఎగరలేను" అని చెప్పాలి. సీఆర్ఎం పాఠం చెప్పమనే అంటుంది. నెల కిస్తీ ఏమంటుంది?

అమెరికాలో దీనికి ఒక చేదు సాక్ష్యం ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ నడిపిన విమానం కూలింది. విమానంలోని 49 మంది, కింద ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. వేగం ప్రమాదకరంగా తగ్గిందన్న హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తు తేల్చింది. అదే దర్యాప్తు ఇంకో సంగతి బయటపెట్టింది. కో-పైలట్ 24 ఏళ్ల అమ్మాయి. చాలీచాలని జీతం. పనిచేసే ఊళ్లో గది తీసుకునే స్తోమత లేక తల్లిదండ్రుల దగ్గర ఉంటూ, ముందు రోజు రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరకు విమానాల్లో ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. జలుబుతో బాధపడుతోంది. ఇప్పుడు సెలవు పెడితే హోటల్ ఖర్చు తన మీదే పడుతుందని కెప్టెన్‌తో అన్న మాటలు కాక్‌పిట్ రికార్డరులో దొరికాయి. పైలట్ల అలసట వాళ్ల పనితీరును దెబ్బతీసి ఉంటుందనీ, అయితే ఎంత మేరకో ఖచ్చితంగా తేల్చలేమనీ దర్యాప్తు సంస్థ చెప్పింది. ప్రయాణికుల కుటుంబాలు పోరాడి 2010లో చట్టం తెచ్చుకున్నాయి. పైలట్ల అనుభవం, విశ్రాంతి మీద కొత్త నిబంధనలు వచ్చాయి.

మన దేశంలోనూ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి డ్యూటీలను తగ్గిస్తూ డీజీసీఏ నిబంధనలు తెచ్చింది. అవి పూర్తిగా అమల్లోకి వచ్చిన కొద్ది రోజులకే, 2025 డిసెంబరులో, దేశంలోకెల్లా పెద్ద సంస్థ ఇండిగో సరిపడా పైలట్లను సర్దలేక వేల విమానాలు రద్దు చేసింది. వెంటనే ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక సడలింపు ఇచ్చారు. లాభానికీ విశ్రాంతికీ పోటీ వస్తే మొదట వంగేది విశ్రాంతే అని మనకు తెలిసిపోయింది. దాసుడికి, దాసికి, చివరికి ఎద్దుకు కూడా విశ్రాంతి దినం హక్కుగా ఇచ్చిన ధర్మశాస్త్రాన్ని చదివే మనం దీన్ని విమాన కంపెనీల సొంత గొడవ అనుకోకూడదు.

కులం కూడా కాక్‌పిట్ ఎక్కుతుంది

2025 జూన్‌లో బెంగళూరుకు చెందిన ఒక దళిత ట్రైనీ పైలట్ పోలీసులకు ఫిర్యాదు చేశాడు. తనకు విమానం నడిపే అర్హత లేదని, వెళ్లి చెప్పులు కుట్టుకొమ్మని పై అధికారులు సమావేశంలో అవమానించారన్నది ఆరోపణ. సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానాలు. కానీ ఆ ఫిర్యాదు నిలబడటానికి ఒక చట్టం ఉంది. అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం.

అదే మాట చోరనూరు నుంచి వెళ్లిన ఒక దళిత క్రైస్తవ ట్రైనీని అంటే? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన కేసులో, క్రైస్తవ్యం స్వీకరించినవారికి ఆ చట్టం రక్షణ వర్తించదని తీర్పిచ్చింది. అంటే తిట్టేవాడికి మన కులం గుర్తుంటుంది, చట్టానికి గుర్తుండదు. హోదాను మతం నుంచి విడదీయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు.

చదువు దగ్గరా ఇదే కథ. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ కోర్సుల జాబితాలో సీపీఎల్ ఉంది. ఆ దారి మన పిల్లలకు మూసి ఉంది. ఉద్యోగం దగ్గర ఇంకో తలుపు మూసుకుంది. ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థగా ఉన్నంతకాలం రిజర్వేషన్లు ఉండేవి. 2022 జనవరిలో అది టాటాల చేతికి వెళ్లింది. ఇప్పుడు ప్రభుత్వం చేతిలో మిగిలిన ప్రయాణికుల విమాన సంస్థ అలయన్స్ ఎయిర్. అది ఏటీఆర్‌లు నడిపే ప్రాంతీయ సంస్థ. మన పిల్లలకు కనీసం ఓబీసీ కోటా దొరికే కాక్‌పిట్ ఇక అదొక్కటే.

"ప్రాణాలతో చెలగాటమాడే చోట రిజర్వేషన్లేమిటి?" అని కొందరు అడుగుతారు. వాళ్లకు మా జవాబు ఇది. స్కాలర్‌షిప్ వచ్చినవాడికి 200 గంటలు 150 కావు. ఎస్సీ అభ్యర్థికని సిమ్యులేటర్‌లో ఇంజను మెల్లగా ఆగదు. పరీక్ష అందరికీ ఒకటే. ఆ పరీక్ష గది గుమ్మం దాకా చేరడానికి అర కోటి అడగడమే ఇప్పుడున్న రిజర్వేషన్. అది డబ్బున్నవాళ్ల రిజర్వేషన్. దానివల్ల ప్రతిభ ఉన్న వందమందిలో ఇద్దరే పోటీకి వస్తున్నారు. ప్రయాణికుల ప్రాణాల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు మొదట దీన్ని ప్రశ్నించాలి.

ఇంకొందరు మన వాళ్లే, "ఊళ్లో బస్సుకే దిక్కు లేదు, విమానం గొడవ మనకెందుకు?" అంటారు. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారికి వచ్చి బడి, అచ్చు పుస్తకం అని మొదలుపెట్టినప్పుడు, కూలీల పిల్లలకు అక్షరాలెందుకని అడిగినవాళ్లు లేకపోలేదు. ఆ అక్షరాల నుంచే మన టీచర్లు, నర్సులు వచ్చారు. మెట్లు అక్కడితో ఆగిపోవాలని ఎవరూ రాసిపెట్టలేదు.

మేము అడుగుతున్నవి

మొదటిది జిల్లా యంత్రాంగానికి. సందూరు గనుల తాలూకా. 2015 చట్ట సవరణ ప్రకారం గనుల లీజుదారులు రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి చెల్లిస్తున్నారు. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం. విద్య, నైపుణ్య శిక్షణ ఆ నిధి ప్రాధాన్య రంగాల్లో ఉన్నాయి. ఆ నిధి మతాన్ని అడగదు, గని దుమ్ము ఎవరి ఇంటి మీద పడిందో అడుగుతుంది. దాని నుంచి ఏటా కొద్దిమంది పేద విద్యార్థులకైనా సీపీఎల్, టైప్ రేటింగ్ ఖర్చు పూర్తిగా భరించమని బళ్లారి జిల్లా ప్రజలు గ్రామసభల్లో తీర్మానించి అడగవచ్చు. బెంగళూరు జక్కూరులో 1949 నుంచి ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్ ఉంది. దాన్ని నిండు సామర్థ్యంతో నడిపితే ఈ పిల్లలు దూర దేశాలకు వెళ్లి అప్పుల పాలు కానక్కరలేదు.

రెండోది కేంద్ర ప్రభుత్వానికి, డీజీసీఏకి. ఉడాన్ కింద సబ్సిడీ తీసుకునే ప్రతి ప్రాంతీయ సంస్థా ఏటా కొన్ని ట్రైనీ సీట్లను సొంత ఖర్చుతో పేద విద్యార్థులకు ఇవ్వాలని షరతు పెట్టాలి. ప్రజల డబ్బు సీటు ధర తగ్గించడానికి వాడినప్పుడు, కుడి సీటు తలుపు తెరవడానికి ఎందుకు వాడకూడదు? బాండు మొత్తానికి పరిమితి ఉండాలి. సంస్థ జీతం ఆపిన రోజున బాండు, నోటీసు గడువు వాటంతటవే రద్దవ్వాలి. అలసిపోయానని చెప్పి డ్యూటీ దిగిన పైలట్‌ను శిక్షించే సంస్థకు జరిమానా ఉండాలి. దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా గురించి 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ పేరు చెప్పి కాలం గడపడం మానాలి.

మూడోది మన సంఘాలకు. కొత్త గుడికి, సౌండ్ సిస్టమ్‌కు లక్షలు పోగుచేయగల మనం, ఒక డయాసిస్ నుంచి ఒక్క విద్యార్థికైనా వడ్డీలేని చదువు నిధి పెట్టలేమా? ఆస్తులున్న సంఘాలు బ్యాంకు దగ్గర హామీగా నిలబడలేవా? జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ చదువు అప్పులు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో క్రైస్తవ మైనారిటీ ఆర్థిక సంస్థలు ఉన్నాయి. ఆ దరఖాస్తులు నింపడానికి ప్రతి సంఘంలో చదువుకున్న ఒక అక్కో అన్నో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుంటే చాలు. ఇంకో సంగతి. మన కమిటీల్లో చిన్నవాళ్లు తప్పు ఎత్తిచూపితే "పెద్దలకు ఎదురు చెప్తావా" అని కసురుకుంటున్నంతకాలం, కాక్‌పిట్‌లో ధైర్యంగా మాట్లాడే పిల్లలు మన ఇళ్ల నుంచి రారు. ఏలీ ప్రధానయాజకుడు బాలుడైన సమూయేలును దాచకుండా చెప్పమన్నాడు. చెప్పింది తన ఇంటికి చేటు వార్తే అయినా విన్నాడు. సీఆర్ఎంలో కెప్టెన్‌కు నేర్పేదీ అదే.

నాలుగోది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మన దేశపు పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు, ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువ. కాబట్టి చెల్లెళ్లు వెనక్కి తగ్గొద్దు. ఎవరికైనా ఒక్క రూపాయి కట్టే ముందు వైద్య పరీక్ష చేయించుకోండి. రంగులు గుర్తించడంలో లోపం ఉందని లక్షలు కట్టాక తెలిస్తే తట్టుకోలేరు. ఫ్లయింగ్ స్కూల్ పేరు డీజీసీఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో మీరే చూడండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి, ఎగిరిన గంటలను బట్టి కట్టండి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాయించుకోండి, రాయనన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి. బాండును వకీలుకు చూపించాకే సంతకం చేయండి. పైలట్ల సంఘంలో చేరండి. ఒంటరిగా నోరు తెరవడం కష్టం, పదిమందితో కలిసి తెరవడం కొంచెం తేలిక.

విమానంలో రెండు సీట్లు ఉన్నది ఒకరి పొరపాటును ఇంకొకరు ఆపడానికి. కుడి సీటులో కూర్చున్నవాడు అప్పుకు, బాండుకు, కులానికి భయపడి ఊరుకుంటే, ఆ విమానంలో నిజానికి ఒక్క పైలటే ఉన్నట్టు. ఆ సీటులోకి మన పిల్లలు రావాలి. వచ్చాక భయం లేకుండా మాట్లాడగలగాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా మన పని పూర్తయినట్టు కాదు.